గుర్తుపట్టింది పతకాన్నే: ఉమ్రావ్ సింగ్ జీవితం, ఒక పింఛను లెక్క

1995లో లండన్‌లో పెద్ద వేడుక జరిగింది. ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భం. ప్రముఖుల కోసం వేసిన టెంటు దగ్గరికి హర్యానా నుంచి వచ్చిన డెబ్బై నాలుగేళ్ల రైతు ఒకాయన వెళ్లారు. లోపలికి పంపాల్సిన వాళ్ల జాబితాలో ఆయన పేరు లేదు. దాదాపుగా వెనక్కి పంపేసేవారే. వేడుక ఏర్పాట్లు చూస్తున్న బ్రిగేడియర్ టామ్ లాంగ్లాండ్ ఆయన ఛాతీ మీదున్న పతకం చూశారు. ముదురు ఎరుపు రిబ్బను, దానికి వేలాడే కంచు శిలువ. విక్టోరియా క్రాస్, బ్రిటన్ ఇచ్చే అత్యున్నత శౌర్య పతకం. వెంటనే దారి వదిలారు.

ఆ రైతు పేరు ఉమ్రావ్ సింగ్. ఆరోజు అక్కడ గుర్తుపట్టింది పతకాన్నే గానీ మనిషిని కాదు. మాజీ సైనికుల్ని ఎలా గుర్తుంచుకుంటున్నాం అని ఎప్పుడు ఆలోచించినా నాకు ఈ టెంటు దగ్గరి సంఘటనే ముందు తడుతుంది. ఎందుకంటే శౌర్య పతకం అనేది బయటికి ఒక్కటిగా కనిపించినా లోపల నాలుగైదు వేర్వేరు విషయాల చిక్కుముడి. ఒక రాత్రి చేసిన సాహసం, దానికి రాజ్యం ఇచ్చిన గుర్తింపు, ఆ గుర్తింపుకు కట్టిన భత్యం, జనం జ్ఞాపకం, ఇవేవీ కాకుండా ఆ మనిషి ఇంకా బతకాల్సిన అరవై ఏళ్లు. ఇవన్నీ వేర్వేరు చోట్ల, వేర్వేరు చేతుల్లో ఉంటాయి. ఆయన జీవితం పట్టుకుని ఈ ముడి విప్పి చూద్దాం.

ఆ రాత్రి

ఉమ్రావ్ సింగ్ 1920 నవంబరు 21న ఝజ్జర్ దగ్గర పల్రా గ్రామంలో పుట్టారు. అప్పట్లో అది పంజాబ్‌లోని రోహ్‌తక్ జిల్లా. చిన్న కమతాల రైతు కుటుంబాల పిల్లలు సైన్యంలో చేరడం అక్కడ మామూలు. 1939లో ఈయనా చేరారు, ఫిరంగి దళంలో. అయిదేళ్లకు హవల్దారుగా బర్మాలోని అరకాన్ ప్రాంతంలో, కలాదాన్ లోయలో ఉన్నారు.

కలాదాన్ పేరు ఈ మధ్య మనం వేరే సందర్భంలో వింటున్నాం. కోల్‌కతా నుంచి సిట్వే రేవు మీదుగా మిజోరంకు దారి వేసే ప్రాజెక్టు పేరు అదే. 1944లో అది దట్టమైన అడవి, కొండలు, నది. అక్కడ పోరాడుతున్నది 81వ పశ్చిమ ఆఫ్రికా డివిజన్. నైజీరియా, గోల్డ్ కోస్ట్ లాంటి చోట్ల నుంచి వచ్చిన సైనికులు. గోల్డ్ కోస్ట్ అంటే ఇవాళ్టి ఘనా. వాళ్లకు అండగా భారత ఫిరంగి దళానికి చెందిన 30వ మౌంటెన్ రెజిమెంటు ఫిరంగులు పనిచేస్తున్నాయి. ఉమ్రావ్ సింగ్ ఫిరంగి అందరికన్నా ముందు వరుసలో ఉంది. అంటే, రోహ్‌తక్ రైతుబిడ్డ, ఘనా పదాతి దళానికి కాపుగా, బ్రిటిష్ రాజు తరఫున, జపాన్ సైన్యం మీద, బర్మాలో పోరాడుతున్నాడన్నమాట. ఈ ఒక్క వాక్యంలోనే తర్వాత వచ్చే చిక్కులన్నీ ఉన్నాయి.

1944 డిసెంబరు 15, 16 తేదీల మధ్య రాత్రి. గంటన్నర పాటు జపాన్ ఫిరంగులు, మోర్టార్లు ఎడతెరిపి లేకుండా పేల్చాయి. ఆ తర్వాత కనీసం రెండు కంపెనీల సైనికులు ఉమ్రావ్ సింగ్ ఫిరంగి మీదికి వచ్చిపడ్డారు. ఆయన బ్రెన్ గన్ (తేలికపాటి మెషిన్‌గన్) అందుకున్నారు, తన వాళ్ల తుపాకుల్ని ఎటు పేల్చాలో చెబుతూ మొదటి దాడిని తిప్పికొట్టారు. అప్పటికే రెండు గ్రెనేడ్ల దెబ్బలు తగిలాయి. రెండో దాడీ ఆగింది గానీ, అది ఆగేసరికి ఆయన జట్టులో ఆయన కాక మిగిలింది ఇద్దరే. ముగ్గురి దగ్గరా కలిపి కొన్ని తూటాలే ఉన్నాయి. మూడో దాడి మొదట్లోనే అవి అయిపోయాయి.

అప్పుడు ఆయన చేతికి దొరికింది ఫిరంగిని ఎత్తడానికి, మోయడానికి వాడే బరువైన ఇనప కడ్డీ. మన గడ్డపార లాంటిది. దాంతోనే ఎదురు తిరిగారు. ముగ్గుర్ని పడగొట్టాక, దెబ్బల వర్షంలో తానూ పడిపోయారు. ఆరు గంటల తర్వాత మన వాళ్లు ఎదురుదాడి చేసి ఆ చోటు తిరిగి పట్టుకున్నారు. ఫిరంగి పక్కన ఆయన స్పృహ లేకుండా దొరికారు, తల మీది గాయాలతో పోల్చుకోలేని స్థితిలో. కడ్డీ మాత్రం చేతిలోనే ఉంది. చుట్టూ పదిమంది జపాన్ సైనికుల శవాలు. ఆరోజే ఆ ఫిరంగి మళ్లీ పేలింది.

సైన్యం లెక్కలో ఈ చివరి సంగతి చాలా పెద్దది. ఫిరంగి దళంలో చేరినవాడికి ఫిరంగే జెండా. దాన్ని శత్రువుకు వదలకపోవడమే అక్కడి ధర్మం. పదాతి దళంలో జెండాకు ఉండే విలువ ఫిరంగి దళంలో ఫిరంగికి ఉంటుంది.

రాజు ఇచ్చిన పతకం, ఎర్రకోటలో విచారణ

1945 మే 31న గెజిట్‌లో ప్రకటన వచ్చింది. అక్టోబరు 15న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఆరో జార్జి రాజు స్వయంగా పతకం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, భారత ఫిరంగి దళాలు రెంటిలో కలిపి, ఆఫీసరు కాని వ్యక్తికి వచ్చిన విక్టోరియా క్రాస్ ఇదొక్కటే.

సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 5న, ఢిల్లీ ఎర్రకోటలో, సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో జపాన్ పక్షాన పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ మొదలైంది. షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. రాజు మీద యుద్ధం చేశారన్నది అభియోగం. ఇందులో షా నవాజ్ ఖాన్ నడిపిన సుభాష్ బ్రిగేడ్‌కు చెందిన ఒక బెటాలియన్ 1944లో పోరాడింది ఎక్కడో తెలుసా? ఇదే కలాదాన్ లోయలో.

దేశమంతా ఎర్రకోట వైపు చూసింది. చూడాల్సిందే. ఆ విచారణ బ్రిటిష్ పాలన పునాదుల్ని కదిపింది. కానీ ఆ ఊపులో బ్రిటిష్ యూనిఫాంలో పోరాడిన 25 లక్షల మంది భారతీయుల కథ ఎక్కడ పెట్టాలో మనకు తెలియకుండా పోయింది. వాళ్లలో 87 వేల మంది దాకా చనిపోయారు. వాళ్లను దేశభక్తులు అనాలా, కూలి కోసం వెళ్లినవాళ్లు అనాలా? నా మటుకు ఈ ప్రశ్నే సరైంది కాదు. పొలం చాలక, కరువుకు తాళలేక, ఊళ్లో మిగతా కుర్రాళ్లూ వెళ్తున్నారని చేరినవాళ్లే ఎక్కువ. చేరాక పక్కవాడి కోసం నిలబడ్డారు. ఆ నిలబడటం ఏ రాజుదీ కాదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1947 తర్వాత కశ్మీర్‌ను కాపాడింది ఆ మనుషులే. నంద్ సింగ్‌కు 1944లో బర్మాలో విక్టోరియా క్రాస్ వచ్చింది. 1947 డిసెంబరులో ఉరీ దగ్గర పోరాడుతూ చనిపోయారు, స్వతంత్ర భారతం మహావీర చక్ర ఇచ్చింది. కరమ్ సింగ్‌కు బర్మాలో బ్రిటిష్ వారి మిలిటరీ మెడల్, 1948లో టిథ్వాల్‌లో పరమవీర చక్ర. బతికుండగా పరమవీర చక్ర అందుకున్న తొలి వారిలో ఆయన ఒకరు. ఉమ్రావ్ సింగ్ కూడా స్వాతంత్ర్యం తర్వాత భారత సైన్యంలో పనిచేసి సుబేదార్ మేజర్ హోదా దాకా వెళ్లారు, ఆపైన గౌరవ కెప్టెన్ అయ్యారు. 1983లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. స్వతంత్ర దేశపు పౌరుడు బ్రిటిష్ రాజు ఇచ్చిన గౌరవం పెట్టుకోవచ్చా? రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది కదా? చేసింది. కానీ అందులోనే సైనిక, విద్యా సంబంధమైన గౌరవాలకు మినహాయింపు ఉంది. రావు బహదూర్, సర్ లాంటివి బిరుదులు, పేరు ముందు చేరతాయి. శౌర్య పతకం అలాంటిది కాదు, చేసిన పనికి గుర్తు.

విక్టోరియా క్రాస్ అందుకున్న భారతీయ సిపాయిల జాబితాలో తెలుగు పేరు ఎందుకు కనిపించదన్నది ఇంకో సందేహం. ధైర్యం తక్కువై కాదు. కొన్ని జాతులే పోరాటానికి పనికొస్తాయనే 'యుద్ధ జాతులు' సిద్ధాంతం ఒకటి పట్టుకుని బ్రిటిష్ వాళ్లు మద్రాసు సైన్యాన్ని పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే తగ్గించుకుంటూ వచ్చారు. 1920ల్లో మద్రాసు పదాతి దళం పూర్తిగా పోయింది. రెండో యుద్ధం మీద పడ్డాకే మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. వరసలో నిలబెట్టని వాళ్లకు పతకం ఎలా వస్తుంది? అయినా తెలుగు నేల ఆ యుద్ధానికి దూరంగా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. రంగూన్‌లో కూలీనాలీ చేసుకునే మన వాళ్లు అడవుల వెంట నడిచి ఇళ్లు చేరారు. సైన్యంలో చేరినవాళ్లు ఎక్కువగా ఉన్న తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు.

కంచు శిలువ వెల ఎంత

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది మాట్లాడటానికి చాలామంది ఇబ్బంది పడతారు, శౌర్యానికి వెల కట్టకూడదని. కానీ రాజ్యాలు కట్టాయి. 1856లో విక్టోరియా క్రాస్ మొదలైనప్పుడే ఆఫీసర్లు కాని వాళ్లకు ఏడాదికి 10 పౌండ్ల భత్యం పెట్టారు. అప్పట్లో అది భారతీయ సిపాయిలకు వర్తించనే లేదు. 1911లో గానీ వాళ్లను అర్హుల్ని చేయలేదు. 1959లో ఈ భత్యాన్ని అందరికీ ఏడాదికి 100 పౌండ్లు చేశారు.

ఆ తర్వాత? ఏమీ లేదు. ముప్పై ఆరేళ్ల పాటు అదే 100 పౌండ్లు.

ఈ ముప్పై ఆరేళ్లలో బ్రిటన్‌లో ధరలు సుమారు పన్నెండు రెట్లు పెరిగాయి. 1959లో 100 పౌండ్లకు వచ్చే సరుకు కొనాలంటే 1995లో దాదాపు 1,200 కావాలి. అంటే ఆ భత్యం విలువలో పన్నెండో వంతు మాత్రమే మిగిలింది. ఎవరూ దాన్ని తగ్గించమని ఆదేశం ఇవ్వలేదు. ఏ మంత్రీ సంతకం పెట్టలేదు. అంకె అలాగే ఉంది, దాని విలువ కరిగిపోయింది. ప్రభుత్వాలు మనుషుల్ని మరిచిపోయేది ఎక్కువగా ఇలాగే. అవమానించి కాదు, ఫైలు తెరవకుండా.

1995లో లండన్ వెళ్లిన ఉమ్రావ్ సింగ్ బ్రిటిష్ ప్రధాని జాన్ మేజర్‌ను కలిసినప్పుడు ఈ విషయమే అడిగారు. ఆ ఏడాదే భత్యాన్ని 1,300 పౌండ్లు చేశారు. పదమూడు రెట్లు పెంపు అని చెప్పుకున్నారు గానీ, పై లెక్క చూస్తే అది పెంపు కాదు. 1959లో ఇస్తామన్న మాటను 1995లో మళ్లీ నిలబెట్టుకోవడం, అంతే. అసలు పెంపు 2015లో వచ్చింది, ఏడాదికి 10,000 పౌండ్లు. అప్పటికి ఉమ్రావ్ సింగ్ పోయి పదేళ్లు.

ఒక్కసారి ఊహించుకోండి. రాజుగారి చేతుల మీదుగా అత్యున్నత పతకం అందుకున్న మనిషి, యాభై ఏళ్ల తర్వాత ఆ దేశపు ప్రధాని ఎదుట నిలబడి నాకు ఇస్తున్నది సరిపోవడం లేదని చెప్పాల్సి వచ్చింది. ఆత్మాభిమానం ఉన్న రైతుకు అది ఎంత కష్టమైన మాటో మన పల్లెల్లో పెరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన అడిగింది తన ఒక్కడి కోసం కాదు కాబట్టి అడగగలిగారనుకుంటాను. ఆ పెంపు బతికున్న గ్రహీతలందరికీ వర్తించింది.

మరో సంగతి. విక్టోరియా క్రాస్ కంచు ముక్కే, లోహంగా దాని విలువ ఏ పాటిది? కానీ సేకర్తలు దానికి భారీ ధరలు పెడతారు. ఉమ్రావ్ సింగ్‌కూ పెద్ద మొత్తాలు ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అమ్మితే ఆ రాత్రి తన పక్కన చనిపోయిన వాళ్ల గౌరవానికి మచ్చ వస్తుందని చెప్పారు. చిన్న ఇంట్లో, కొద్దిపాటి పొలం మీద బతుకుతున్న మనిషి.

బతికి వచ్చినవాడి కష్టం

పతకం ఎలా వస్తుందో తెలిస్తే అది ఎంతమందికి రాలేదో అర్థమవుతుంది. పై అధికారి సిఫార్సు చేయాలి, చూసిన వాళ్లు సాక్ష్యం చెప్పాలి, మెట్టు మెట్టుగా పైకి వెళ్లాలి. మన దగ్గరా అంతే, చివరికి రాష్ట్రపతి ఆమోదం, గెజిట్. చూసిన వాళ్లంతా చనిపోతే? సిఫార్సు రాయాల్సిన అధికారే పడిపోతే? ఆ సాహసం అక్కడితో ఆగిపోతుంది. ఉమ్రావ్ సింగ్ విషయంలో ఆ చోటును ఆరు గంటల్లో తిరిగి పట్టుకున్నారు కాబట్టి కడ్డీ పట్టుకున్న చెయ్యి కనిపించింది.

మన పరమవీర చక్ర 1950 జనవరి 26న మొదలైంది, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా. ఇప్పటిదాకా 21 మందికి ఇచ్చారు. వాళ్లలో 14 మందికి మరణానంతరమే. ఈ లెక్కే మన జ్ఞాపకాన్ని మలిచిందని నా అభిప్రాయం. చనిపోయిన వీరుణ్ని ఎలా గౌరవించాలో మనకు బాగా తెలుసు. గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబుకు మహావీర చక్ర వచ్చింది, సూర్యాపేటలో విగ్రహం నిలిచింది, తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మంచి పని. ఆ కుటుంబానికి దక్కాల్సిందే.

కానీ బతికి వచ్చినవాడు? అతనికి నలభై ఏళ్లప్పుడో, ఇంకా ముందో రిటైర్మెంట్ వస్తుంది. యూనిఫాం తీసేశాక ఊళ్లో 'మిలిటరీ ఆయన' అవుతాడు. మోకాళ్ల నొప్పులు, షుగరు, పిల్లల చదువులు, బ్యాంకులో క్యూ, ఏటా నవంబరులో బతికే ఉన్నానని చూపించే లైఫ్ సర్టిఫికెట్. వీరుడు అనగానే మన మనసులో వచ్చే బొమ్మలో ఇవేవీ ఉండవు.

కేంద్రం ఇచ్చే నెలవారీ భత్యాన్ని 2017 ఆగస్టు 1 నుంచి రెట్టింపు చేశారు. పరమవీర చక్రకు 10,000 నుంచి 20,000 రూపాయలు, మహావీర చక్రకు 10,000, వీర చక్రకు 7,000. శాంతి కాలపు పతకాలైన అశోక చక్రకు 12,000, కీర్తి చక్రకు 9,000, శౌర్య చక్రకు 6,000. ఇది పింఛనుకు అదనం. వీటి మీద, రాష్ట్రాలు విడిగా ఇచ్చే నగదు, భూమి ఉంటాయి. అక్కడే అసలు తేడా. ఒకే పతకం, ఒకే కొండ మీద పక్కపక్కనే పోరాడిన ఇద్దరు సైనికులు. ఒకరిది ఒక రాష్ట్రం, ఇంకొకరిది మరో రాష్ట్రం. చేతికొచ్చేది ఎక్కడా పొంతన కుదరదు. సాహసాన్ని కొలిచింది దేశం, ప్రతిఫలాన్ని కొలిచేది మాత్రం ఆధార్ కార్డు మీది చిరునామా. నా దృష్టిలో ఇది సరిచేయాల్సిన విషయం, పైగా సరిచేయగలిగిన విషయం. కనీస మొత్తం దేశమంతా ఒక్కటిగా ఉంచి, దాన్ని కరువు భత్యంలాగే ధరలతో ముడిపెడితే, ఇంకో ఉమ్రావ్ సింగ్ ఎవరి ఎదుటా నిలబడి అడగాల్సిన పని ఉండదు.

ఇది పేద దేశాల సమస్య అని కూడా అనుకోవద్దు. తుల్ బహదూర్ పున్ అనే గూర్ఖా వీరుడు 1944లో బర్మాలోనే విక్టోరియా క్రాస్ గెలిచారు. ఎనభై దాటాక, వైద్యం కోసం బ్రిటన్‌లో ఉండాలని వీసా అడిగితే, ఆ దేశంతో మీకు గట్టి సంబంధం ఉన్నట్టు చూపలేదని తిరస్కరించారు. జనం మండిపడ్డాక 2007లో నిర్ణయం మార్చుకున్నారు. టెంటు దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డ మనిషే ఇక్కడ వీసా కౌంటర్లో కూర్చున్నాడన్నమాట.

పల్రా, రంగూన్

ఉమ్రావ్ సింగ్ 2005 నవంబరు 21న ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు. అది ఆయన 85వ పుట్టినరోజు. భారతదేశంలో మిగిలిన చివరి విక్టోరియా క్రాస్ గ్రహీత ఆయనే. పల్రాలో పూర్తి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. పతకం ఆయన చివరిదాకా అమ్మలేదు.

విక్టోరియా క్రాస్ వెనకవైపు ఆ సాహసం జరిగిన తేదీ చెక్కుతారు. పైన పట్టీ వెనక గ్రహీత పేరు, హోదా, దళం ఉంటాయి. ఒక్కడి పేరే పడుతుంది, చోటు అంతే. ఆ ఫిరంగి దగ్గర మొదటి, రెండో దాడుల్లో పడిపోయిన మిగతా కుర్రాళ్ల పేర్లు దాని మీద లేవు. పతకం అమ్మితే ఎవరి గౌరవానికి మచ్చ వస్తుందని ఆయన భయపడ్డారో వాళ్లే వాళ్లు.

యాంగోన్ (అప్పటి రంగూన్) బయట తౌక్యాన్ యుద్ధ శ్మశానం మధ్యలో పొడవాటి స్తంభాల వరసలున్న స్మారకం ఉంది. రంగూన్ మెమోరియల్ అంటారు. బర్మాలో చనిపోయి, సమాధి ఎక్కడో తెలియని దాదాపు 27,000 మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. ఎక్కువ మంది అవిభక్త భారతదేశపు సైనికులు. రెజిమెంటు వారీగా, వరసగా. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ జాబితా వెతుక్కునే వీలుంది. మీ ఇంట్లో ఎవరైనా తాతగారు 'బర్మా యుద్ధానికి వెళ్లి రాలేదు' అనే మాట వినే ఉంటే, ఇంటిపేరు, పేరు, తెలిస్తే దళం, చనిపోయిన ఏడాది పెట్టి చూడండి. ఇంగ్లీషు గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్న పేర్లు అవి. స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా మార్చి వెతకాలి. ఇంటిపేరు కొన్నిచోట్ల చివర ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. తండ్రి పేరు, ఊరు పేరు కొన్నింటికి పక్కనే రాసి ఉంటాయి, వాటిని బట్టి పోల్చుకోవచ్చు.